లోతెరిగిన ఊరికి కాగితం కరువు

2001 ఫిబ్రవరి 28న కర్ణాటకలోని కేజీఎఫ్‌లో, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ మూతపడింది. అప్పటికి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి భూమిలోకి దిగి ఉంది. అంత లోతున పని తెలిసిన ఊళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. రాయి ఎప్పుడు పేలి మీద పడుతుందో తెలియని చోట కొయ్య దిమ్మెలు పేర్చి పైకప్పు నిలబెట్టడం, గట్టి రాతికి బెజ్జాలు వేసి మందు కూరడం, మనుషులు నిండిన కేజ్‌ను తాడు మీద దించి ఎత్తడం ఇక్కడ తండ్రి నుంచి కొడుక్కి అబ్బిన విద్యలు. బంగారం తవ్వే కంపెనీలు అప్పుడూ ఇప్పుడూ ఆస్ట్రేలియాలో ఉన్నాయి, దక్షిణాఫ్రికాలో ఉన్నాయి, ఘనాలో, టాంజానియాలో ఉన్నాయి. కేజీఎఫ్ కార్మికులలో ఎక్కువమంది ఎక్కింది మాత్రం మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగళూరు పోయే రైలే. కొందరు సెక్యూరిటీ గార్డులయ్యారు, కొందరు ఫ్యాక్టరీల్లో హెల్పర్లుగా కుదిరారు. వాళ్ల పిల్లలు ఇప్పటికీ తెల్లవారకముందే లేచి అదే రైలు పట్టుకుంటున్నారు.

వయసు, సంసారం, భాష, చేతిలో డబ్బు లేకపోవడం వంటి కారణాలు సరే. వీటన్నిటి కింద ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటుంది. తమకు ఆ పని వచ్చునని రుజువు చేసే కాగితం వాళ్లలో చాలామంది దగ్గర లేదు. 1961 నాటి మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ కింద గని మేనేజరుకు, సర్వేయరుకు, ఫోర్‌మన్‌కు, మేట్‌కు, బ్లాస్టరుకు, వైండింగ్ ఇంజన్ నడిపేవాడికి పరీక్ష ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది. కొయ్య దిమ్మెలు పేర్చేవాడికి, డ్రిల్లు పట్టేవాడికి, తవ్విన రాయిని బండ్లలో తోసేవాడికి మాత్రం ఉన్నదంతా కంపెనీ రికార్డే. ఇరవై ఏళ్ల నైపుణ్యం కంపెనీ రిజిస్టరులో ఒక వరుస. కంపెనీ పోయాక ఆ వరుసను ఎవరికి చూపాలి?

ఇప్పుడు ఏ దేశం వెళ్లినా ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ అనే తంతు ఒకటుంది. గల్ఫ్ దేశాల వైద్య శాఖల కోసం డేటాఫ్లో అనే సంస్థ చేసేది ఇదే. మీరు ఇచ్చిన సర్టిఫికెట్‌ను వాళ్లు నమ్మరు. దాన్ని ఇచ్చిన కాలేజీకో ఆసుపత్రికో నేరుగా రాసి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతారు. పెళ్లికొడుకు చెప్పింది పక్కన పెట్టి వాళ్ల ఊళ్లో వాకబు చేసినట్టన్నమాట. వాకబుకు వచ్చినవాడికి జవాబు చెప్పే మనిషి అక్కడ లేకపోతే సంబంధం తప్పిపోతుంది. పెళ్లికొడుకు ఎంత మంచివాడన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

విదేశీ గుర్తింపు మాట వచ్చినప్పుడల్లా మన చూపు అవతలి దేశం మీదే ఉంటుంది. వాళ్లకు మన పట్టాలంటే చులకన అంటాం, పరీక్షల మీద పరీక్షలు పెట్టి డబ్బు గుంజుతున్నారంటాం. అందులో నిజం లేకపోలేదు. కానీ కోలార్ జిల్లాను దగ్గర నుంచి చూస్తే పిల్లలు చిక్కుకునేది చాలావరకు విమానం ఎక్కకముందే. కాలేజీ అక్రెడిటేషన్ దగ్గరో, యూనివర్సిటీ రికార్డు గదిలోనో, నర్సింగ్ కౌన్సిల్ కౌంటర్ దగ్గరో, పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న ఒక ఇనీషియల్ దగ్గరో ఆగిపోతున్నారు. వాళ్ల కాగితం విలువలో పెద్ద భాగం ఇక్కడే ఖరారవుతోంది. ఆ సంగతి సీటు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పరు.

అసలు ఈ ఊరి పుట్టుకే పరాయి నైపుణ్యాన్ని గుర్తించడంతో మొదలైంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ పని మొదలుపెట్టి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లను రప్పించింది. ఇటలీ నుంచీ మనుషులు వచ్చారు. వాళ్ల అర్హతలను మైసూరు సంస్థానం ఏ బోర్డు ముందూ పరీక్షకు పెట్టలేదు. కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనుల్లో పనిచేశాడన్న కంపెనీ మాటే పట్టా, అదే లైసెన్సు, అదే వీసా. అదే గనిలోకి చిత్తూరు, ఉత్తర ఆర్కాట్ పల్లెల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు మాత్రం ఎన్నేళ్లు చేసినా, ఎంత నేర్చినా మేస్త్రీ మెట్టు దాటడం గగనమైంది. నైపుణ్యానికి విలువ కట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మనుషులకే గుర్తింపు దక్కుతుందని కేజీఎఫ్‌కు నూట నలభై ఏళ్ల కిందటే తెలుసు.

ఇంకో ముచ్చట. 1965లో చాంపియన్ రీఫ్ గని లోతుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. భౌతిక శాస్త్రంలో అది పెద్ద మైలురాయి. ఆ పరికరాలు కిందికి చేరింది, ఆ సొరంగం నిలబడింది ఇక్కడి పనివాళ్ల వల్లే. సైన్సు పత్రికలకెక్కిన ఆ లోతును సాధ్యం చేసిన చేతులకు విదేశంలో చూపుకోడానికి ఒక అరపేజీ కాగితమైనా దక్కిందా?

గత తరం సంగతి అది. ఇప్పటి పిల్లల విషయానికి వద్దాం. ఊర్గాంలో డిప్లొమా చెప్పే స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది. అక్కడే డాక్టర్ టి. తిమ్మయ్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మైనింగ్ ఇంజనీరింగ్ చదవొచ్చు. గని మూతపడిన ఊళ్లో గని చదువు బతికి ఉండటం విచిత్రమే. ఇక్కడ చదివిన పిల్లవాడు ఆస్ట్రేలియా వెళ్లాలనుకున్నాడనుకుందాం. అతను దాటాల్సినవి ఒకదానికొకటి సంబంధం లేని మూడు గడపలు. అతని డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమా అన్నది ఒకటి. దాన్ని బట్టి వీసా వస్తుందా అన్నది రెండోది. వెళ్లాక గనిలో చట్టబద్ధమైన బాధ్యత మోయడానికి అనుమతి ఉందా అన్నది మూడోది. మన ఏజెంట్లు మొదటిది చూపించి మూడూ అయిపోయినట్టే మాట్లాడతారు.

మొదటి గడప దగ్గర పలికే పేరు వాషింగ్టన్ అకార్డ్. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం సమానంగా చూసుకునే ఒప్పందం అది. మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) 2014 జూన్ 13న అందులో శాశ్వత సభ్యత్వం పొందింది. భారత ఇంజనీర్లకు ప్రపంచ ద్వారాలు తెరుచుకున్నాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ద్వారాలు తెరుచుకున్న మాట నిజమే, అందరికీ తెరుచుకోలేదు. ఆ బోర్డు కాలేజీలను రెండు శ్రేణులుగా చూస్తుంది. ఐఐటీల వంటి సంస్థలు, యూనివర్సిటీ విభాగాలు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు టైర్ ఒకటి. యూనివర్సిటీకి అనుబంధంగా ఉంటూ దాని సిలబస్, దాని పరీక్షలే నడిపే మామూలు కాలేజీలు టైర్ రెండు. వాషింగ్టన్ అకార్డ్ గొడుగు కిందికి వచ్చేది టైర్ ఒకటిలో అక్రెడిటేషన్ పొందిన కోర్సులే. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి, ఆంధ్ర, తెలంగాణలలో జేఎన్‌టీయూలకు అనుబంధంగా ఉన్న కాలేజీల్లో చదివే లక్షలమందిలో ఎంతమందికి ఈ తేడా తెలుసు? కాలేజీ గేటు మీద ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందినది’ అని బోర్డు ఉంటుంది. అందులో అబద్ధం లేదు. ఏ టైర్ అన్నది మాత్రం ఆ బోర్డు మీద కనిపించదు.

ఇంకా మెలిక ఉంది. అక్రెడిటేషన్ కాలేజీకి మొత్తంగా రాదు, కోర్సు కోర్సుకూ విడిగా వస్తుంది, ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా అని వస్తుంది. అన్న చదివిన బ్రాంచికి ఉన్నది తమ్ముడి బ్రాంచికి ఉండకపోవచ్చు. ఒకే బ్రాంచిలో చదివినా సీనియరుకు దక్కినది గడువు తీరిపోతే జూనియరుకు దక్కకపోవచ్చు.

ఆ గొడుగు లేనివాళ్లకు దారి మూసుకుపోదు, కష్టమవుతుంది. ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థ వాళ్లను కాంపిటెన్సీ డెమాన్‌స్ట్రేషన్ రిపోర్ట్ రాయమంటుంది. తాను చేసిన ఇంజనీరింగ్ పని గురించి మూడు కథనాలు, ఒక్కోటి వెయ్యి నుంచి రెండున్నర వేల పదాలు, సొంత మాటల్లో రాయాలి. డిప్లొమా వాళ్లకు కూడా ఈ మార్గంలోనే అసోసియేట్ స్థాయిలో మదింపు జరుగుతుంది. నిజంగా పనిచేసినవాడికి ఇది మంచి అవకాశమేనని నా అభిప్రాయం, ఎందుకంటే కాలేజీ పేరు పక్కన పెట్టి మనిషి ఏం చేశాడో అడిగే పద్ధతి ఇదొక్కటే. అయితే మన కాలేజీల్లో నాలుగేళ్లపాటు తాను చేసిన పనిని తన మాటల్లో రాయమని పిల్లవాడిని ఎవరూ అడిగి ఉండరు. ప్రాజెక్టు రిపోర్టులే అంగట్లో దొరుకుతాయి. ఆ అలవాటుతోనే ఈ రిపోర్టునూ ఎవరి చేతో రాయించుకుంటారు. కాపీ దొరికిపోతే కొంతకాలం దరఖాస్తే చేసుకోనివ్వరు.

ఇవన్నీ దాటి వీసా చేతికొచ్చినా గనిలో మేనేజరు కుర్చీ అందదు. న్యూసౌత్‌వేల్స్‌లో మైనింగ్ అండ్ పెట్రోలియం కాంపిటెన్స్ బోర్డ్, క్వీన్స్‌లాండ్‌లో బోర్డ్ ఆఫ్ ఎగ్జామినర్స్ ఉన్నాయి. అక్కడి గని చట్టం మీద వాటి మదింపులో నెగ్గాలి. ఇది అన్యాయం అనడానికి ముందు మన ఇల్లు చూసుకోవాలి. సింగరేణిలో బొగ్గు గనికి ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ ఉన్నవాడు రేపు రాయచూరు జిల్లా హట్టి బంగారు గనికి అదే కాగితంతో మేనేజరు కాలేడు. రెండిటికీ సర్టిఫికెట్ ఇచ్చేది ధన్‌బాద్‌లోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీయే అయినా బొగ్గు గనుల నిబంధనలు వేరు, లోహ గనుల నిబంధనలు వేరు. మనుషుల ప్రాణాలు మోసే ఉద్యోగంలో స్థానిక చట్టం తెలిసి ఉండాలనడం సబబే.

ఇక ఇదే జిల్లాలో ఇంకో కాలేజీని చూడండి. కోలార్ పట్టణం పక్కన టమకలో శ్రీ దేవరాజ్ అర్స్ మెడికల్ కాలేజీ 1986 నుంచి నడుస్తోంది. కేజీఎఫ్ నుంచి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. 2023 సెప్టెంబరులో మన నేషనల్ మెడికల్ కమిషన్‌కు వరల్డ్ ఫెడరేషన్ ఫర్ మెడికల్ ఎడ్యుకేషన్ పదేళ్ల గుర్తింపు ఇచ్చింది. దాంతో అప్పటికి దేశంలో ఉన్న ఏడు వందలకు పైగా వైద్య కళాశాలలన్నీ ఒక్క దెబ్బతో ఆ గుర్తింపు నీడలోకి వచ్చాయి. ఢిల్లీ ఎయిమ్స్‌కు ఎంతో టమక కాలేజీకీ అంతే. అమెరికా వెళ్లే డాక్టరు యూఎస్ఎంఎల్ఈ, ఇంగ్లండు వెళ్లే డాక్టరు సాధారణంగా ప్లాబ్ పరీక్ష రాయాలి. కానీ నీ కాలేజీ ఏ శ్రేణి అన్న ప్రశ్న వాళ్ల ముందు లేదు. వైద్యంలో జాతీయ నియంత్రణ సంస్థ తానే బయటి పరీక్షకు నిలబడి అందరి తరఫునా గుర్తింపు తెచ్చింది. ఇంజనీరింగ్‌లో ఆ భారాన్ని ఒక్కో కాలేజీ మీద, చివరికి ఒక్కో విద్యార్థి మీద వదిలేశారు. ఒకే జిల్లా పిల్లల మధ్య ఈ తేడా తెలివితేటలతో వచ్చింది కాదు. పాలనాపరమైన నిర్ణయంతో వచ్చింది, కాబట్టి పాలనాపరంగానే మార్చవచ్చు.

కోలార్ జిల్లా నుంచి విదేశాలకు పోవాలనుకునే వారిలో నర్సులది వేరే కథ, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన కథ. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు ఇళ్లలో ఆడపిల్లను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివించడం, బీఎస్సీ నర్సింగ్ చదివించడం అంటే ఇంటిల్లిపాదినీ ఒడ్డున పడేసే పెట్టుబడి. కొందరు కోలార్‌లో, బెంగళూరులో చదువుతారు. కొందరు సరిహద్దు దాటి మదనపల్లె, చిత్తూరు, కుప్పం వెళతారు, మేనమామ ఇల్లో పెద్దమ్మ ఇల్లో అక్కడ ఉంటుంది కాబట్టి. చిక్కు అక్కడే మొదలవుతుంది. నర్సు రిజిస్ట్రేషన్ రాష్ట్ర కౌన్సిల్‌ది. ఆంధ్రలో చదివి కర్ణాటకలో పనిచేయాలంటే ఒక కౌన్సిల్ నుంచి ఇంకో కౌన్సిల్‌కు మారాలి. విదేశానికి దరఖాస్తు చేసిన రోజున అవతలి దేశం, ఎక్కడెక్కడ రిజిస్టరయ్యావో అక్కడి నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తెమ్మంటుంది. ఇంటి నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న కాలేజీలో చదివినందుకు ఆ అమ్మాయి ఇద్దరు రిజిస్ట్రార్ల చుట్టూ తిరగాలి.

2017లో కర్ణాటక నర్సింగ్ విద్యార్థులకు పెద్ద దడ పుట్టింది. కాలేజీలకు గుర్తింపునిచ్చే అధికారం ఎవరిదన్న దాని మీద రాష్ట్ర ప్రభుత్వానికీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌కూ తగవు ముదిరి హైకోర్టుకెక్కింది. కౌన్సిల్ జాబితాలో కర్ణాటక కాలేజీల పేర్లు కనిపించకుండా పోయాయి. చట్టం ప్రకారం ఎవరిది ఒప్పు అన్నది న్యాయవాదులు తేల్చే విషయం. చదువుతున్న పిల్లలను, ముఖ్యంగా కేరళ నుంచి వచ్చినవాళ్లను పట్టి కుదిపిన ప్రశ్న వేరు: రేపు రియాద్‌లోనో లండన్‌లోనో ఒక గుమస్తా ఆ జాబితా తెరిచి చూస్తే మా కాలేజీ పేరు కనిపిస్తుందా? విదేశీ ఆసుపత్రికి కర్ణాటక హైకోర్టు తీర్పు చదివే తీరిక ఉండదు. రెండు ప్రభుత్వ సంస్థల అధికార పోరులో బయటి ప్రపంచానికి మనం చెప్పిన సందేశం, మా నర్సులకు గుర్తింపు ఉందో లేదో మాకే స్పష్టంగా తెలియదని.

ఒక్కో దేశం అడిగేది ఒక్కో రకం. ఇంగ్లండులో అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ముందు కంప్యూటర్ మీద ఒక పరీక్ష, ఆ దేశం చేరాక చేతులతో చేసి చూపే పరీక్ష పెడుతుంది. అమెరికాలో ఎన్‌క్లెక్స్ ఉంటుంది. జర్మనీ తీరు వేరు. 2012లో వచ్చిన గుర్తింపు చట్టం ప్రకారం వాళ్లు మన సిలబస్‌ను తమ సిలబస్ పక్కన పెట్టి, ఏ విషయం ఎన్ని గంటలు చదివారు, వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అని లెక్క కడతారు. తక్కువపడినది రాతపూర్వకంగా చెప్పి, దాన్ని పూడ్చుకోడానికి శిక్షణో పరీక్షో ఎంచుకోమంటారు. జర్మన్ భాష బి2 స్థాయిలో రావాలి, అది తేలిక పని కాదు. అయినా ఈ మూడింటిలో జర్మన్ పద్ధతే నిజాయితీ గలదని నాకనిపిస్తుంది, ఎందుకు కాదంటున్నారో చెబుతారు కాబట్టి. అయితే ఆ లెక్క కట్టాలంటే గంటల వారీ వివరాల పత్రం కాలేజీ ఇవ్వాలి. అడిగినప్పుడు మన కాలేజీలు చాలావరకు ఇచ్చేది సబ్జెక్టు పేరు, మార్కులు, ఒక ముద్ర.

ఇక పేర్ల గోల. సరిహద్దుకు అవతల ఆంధ్రలో తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. కోలార్ జిల్లా తెలుగువాళ్లు కన్నడ దేశపు అలవాటు ప్రకారం తండ్రి పేరునో ఊరి పేరునో ఇనీషియల్‌గా వెనకాలో ముందో పెట్టుకుంటారు. బడిలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, కాలేజీలో మరోలా పడుతుంది. పాస్‌పోర్టు వాళ్లు ఇనీషియల్ విప్పి రాయమంటే తండ్రి పేరు ఇంటిపేరు గడిలోకి చేరుతుంది. పెళ్లయ్యాక భర్త పేరు వచ్చి కూర్చుంటుంది. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవాళ్లను సందర్శక వీసా మీద రానివ్వబోమని ప్రకటించినప్పుడు ఒంటి పేరుతో బతికే దక్షిణాది కుటుంబాలెన్నో ఉలిక్కిపడ్డాయి. వాకబు చేసే కంపెనీకి రెండు పేర్లూ ఒకే మనిషివని తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. అఫిడవిట్, గెజిట్ ప్రకటన, మళ్లీ బోర్డు ఆఫీసు. పదో తరగతిలో ఒక హెడ్మాస్టరు పావుగంట కూర్చుని సరిచూస్తే తీరిపోయే పని, పాతికేళ్ల వయసులో ఒక ఉద్యోగాన్ని తినేస్తుంది.

కాగితం పుట్టిన చోట్లు కూడా చెల్లాచెదురు. కోలార్ జిల్లాలో ఇంజనీరింగ్ చదివిన అన్న 1998కి ముందువాడైతే పట్టా బెంగళూరు విశ్వవిద్యాలయానిది, తర్వాతివాడైతే విశ్వేశ్వరయ్య విశ్వవిద్యాలయానిది, దాని ప్రధాన కార్యాలయం రాష్ట్రానికి ఆ చివర బెళగావిలో. నర్సింగ్ చదివిన చెల్లెలిది రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. బీకాం తమ్ముడిది ఒకప్పుడు బెంగళూరు విశ్వవిద్యాలయం, ఇప్పుడు టమకలోని బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం. కెనడా కోసం మదింపు చేసే వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వంటివి ట్రాన్‌స్క్రిప్టును విద్యార్థి చేతి నుంచి తీసుకోవు, యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలంటాయి. ఆ పైన అపోస్టిల్. భారత్ 2005లో హేగ్ ఒప్పందంలో చేరడంతో చాలా దేశాలకు విదేశాంగ శాఖ అతికించే ఒక్క స్టిక్కరు చాలు. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు కనుక అక్కడికి వెళ్లేవాళ్లు రాయబార కార్యాలయం ముద్ర దాకా తిరగాలి. గమ్మత్తేమిటంటే ఈ ముద్రలేవీ చదువు విలువ చెప్పవు. కింది సంతకం నిజమేనని పైవాడు, అతని సంతకం నిజమేనని ఆపైవాడు చెప్పే వరస అది. ఈ వరసకు కట్టే డబ్బే చాలామంది ఏజెంట్లకు బతుకుతెరువు.

దేశాల మధ్య ఒప్పందాలతో ఇదంతా తీరిపోతుందన్న ఆశ ఒకటి ఎప్పుడూ గాలిలో ఉంటుంది. 2022 జులైలో బ్రిటన్‌తో విద్యార్హతల పరస్పర గుర్తింపు మీద అవగాహన కుదిరింది. పతాక శీర్షికలు చూసి సంబరపడినవాళ్లు లోపలి వార్త చదివి ఉండరు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్ ఆ ఒప్పందం పరిధిలో లేవు. మామూలు డిగ్రీతో అక్కడ పై చదువుకు చేరేవాళ్లకు మేలే. డిగ్రీతో అక్కడ వృత్తి చేయాలనుకునేవాళ్లకు ఒరిగింది లేదు. సింగపూర్‌తో 2018లో నర్సింగ్‌కే ప్రత్యేకంగా ఒప్పందం జరిగింది. అది వర్తించేది దేశం మొత్తం మీద ఏడు శిక్షణ సంస్థలకు. దీన్నిబట్టి ఒప్పందాలు దండగ అనడం తొందరపాటు. వృత్తి లైసెన్సు అన్నది ప్రభుత్వాల చేతిలో కన్నా వృత్తి మండళ్ల చేతిలో ఎక్కువగా ఉంటుంది, అందుకే మంత్రులు సంతకం చేసినంత మాత్రాన అవి కదలవు.

మనమూ అంతే కదా. చైనాలో, రష్యాలో, కిర్గిస్తాన్‌లో ఎంబీబీఎస్ చదివి వచ్చిన మన పిల్లలకే 2002 నుంచి మనం స్క్రీనింగ్ పరీక్ష పెడుతున్నాం. మూడు వందల మార్కులకు నూటయాభై రావాలి. చాలా విడతల్లో మూడో వంతు మంది కూడా గట్టెక్కరు. 2021 నిబంధనలు వచ్చాక 54 నెలల కోర్సు, అక్కడే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ అనే షరతులు చేరాయి. మన రోగిని ముట్టుకునే డాక్టరు విషయంలో మనకు ఎంత అనుమానమో, వాళ్ల రోగిని ముట్టుకునే నర్సు విషయంలో వాళ్లకూ అంతే. అనుమానాన్ని తిట్టి లాభం లేదు. దానికి జవాబిచ్చే కాగితం మన దగ్గర సిద్ధంగా ఉందా అన్నదే చూసుకోవాలి.

కేరళ దీన్ని ముందుగా గ్రహించింది. 2021 డిసెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసీ సంస్థ నోర్కా రూట్స్ జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థతో ట్రిపుల్ విన్ ఒప్పందం చేసుకుంది. భాష నేర్పడం దగ్గర నుంచి గుర్తింపు దరఖాస్తు దాకా ప్రభుత్వమే చేయి పట్టుకుని నడిపిస్తుంది, నర్సు దగ్గర కమీషన్ తీసుకోదు. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది, తెలంగాణకు టామ్‌కామ్ ఉంది. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే అవి. కోలార్ జిల్లా తెలుగు అమ్మాయి మాత్రం రెంటికీ పరాయిదే. చదివింది మదనపల్లెలో అయినా రేషన్ కార్డు ముళబాగిలుది. కర్ణాటకకు కూడా నైపుణ్యాభివృద్ధి శాఖ కింద విదేశీ వలస కేంద్రం ఉంది, బెంగళూరులో. కేజీఎఫ్ నుంచి పొద్దున్నే బయలుదేరి, ఒక కాగితం తక్కువైందనిపించుకుని రాత్రికి తిరిగొచ్చే ఆ ప్రయాణం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

గని కార్మికుల విషయంలో ఆలస్యం జరిగిపోయింది, దాన్ని దాచి ప్రయోజనం లేదు. మూసేనాటికి ముప్పై ఏళ్లవాడికి ఇప్పుడు యాభై అయిదు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం, గని మట్టి పేరుకున్న కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని వెలికితీసేందుకు పదమూడు దిబ్బల వేలానికి సమ్మతించింది. కంపెనీ వదిలిన మట్టికి విలువ కట్టినవాళ్లు, కంపెనీ వదిలిన సర్వీసు రికార్డులను కూడా డిజిటల్ చేయించి, ఎవరు అడిగినా ధ్రువీకరించే అధికారి ఒకరిని గనుల శాఖ తరఫున నియమించి ఉండాల్సింది. ఇప్పుడు చేసినా మిగిలిన కొద్దిమందికి, పింఛను తగాదాల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

పిల్లల విషయంలో ఇంకా సమయం ఉంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. నర్సింగ్ కాలేజీలు పట్టాతోపాటు గంటల వారీ వివరాల పత్రం అడగకుండానే ఇవ్వాలని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్‌తో ఆదేశించవచ్చు. కర్ణాటక, ఆంధ్ర నర్సింగ్ కౌన్సిళ్లు సరిహద్దు జిల్లాల వారికైనా గుడ్ స్టాండింగ్ పత్రాన్ని ఆన్‌లైన్‌లో, గడువు పెట్టి ఇవ్వవచ్చు. దేశవ్యాప్త నర్సుల రిజిస్టరు ఎలాగూ ఉంది. ఇంజనీరింగ్ విషయంలో అనుబంధ కాలేజీలను వాషింగ్టన్ అకార్డ్ కిందికి తేవడం పెద్ద పని, ఏళ్లు పడుతుంది, సిలబస్ మీద పట్టు వదులుకోడానికి యూనివర్సిటీలు ఒప్పుకోవాలి. అప్పటిదాకా కనీసం నిజం చెప్పవచ్చు. కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ ప్రవేశ పరీక్ష సీఈటీ తర్వాత ఆప్షన్లు పెట్టుకోమని పిల్లల ముందు పెట్టే జాబితాలో కాలేజీ పేరుంటుంది, బ్రాంచి ఉంటుంది, ఫీజు ఉంటుంది. ఆ కోర్సుకు అక్రెడిటేషన్ ఉందా, ఉంటే ఏ టైర్, ఏ ఏడాది దాకా అన్నది కూడా ఫీజు పక్కన ఇంకో గడిలో వేయడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ కౌన్సెలింగ్ పుస్తకాల్లోనూ ఆ గడి వేయవచ్చు.